నువ్వుగుండ ఎండను ఎంత ఆపుతుంది?

నర్సీపట్నం వైపు పొట్లకాయ కూర దించేముందు, దోరగా వేయించి దంచిన నువ్వుగుండ చల్లుతారు. కమ్మటి వాసన వేస్తుంది. నువ్వులు తింటే ఒళ్లు నిగారిస్తుందని పెద్దవాళ్లు అంటుంటారు కూడా. అందులో నిజమెంతో లెక్క తీస్తే మొదట ఎదురయ్యేది నిరాశే. చర్మానికి మంచిదని పేరున్న విటమిన్-ఇ సంగతే చూడండి. దాని పట్టికల్లో లెక్కకొచ్చేది ఆల్ఫా టోకోఫెరాల్ అనే రూపం. 100 గ్రాముల నువ్వుల్లో అది 0.25 మిల్లీగ్రాములు, వేరుశెనగ గుళ్లలో 8. అమెరికా ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 15 మి.గ్రా. కావాలి. నువ్వులతోనే పూడ్చాలంటే 6 కిలోలు తినాలి!

అయినా నువ్వులు తిన్నవాళ్ల రక్తంలో విటమిన్-ఇ పెరుగుతోంది. కిటుకంతా కాలేయంలో ఉంది. విటమిన్-ఇ అంటే ఒకటి కాదు, 8 రూపాలు: 4 టోకోఫెరాళ్లు, 4 టోకోట్రైయినాళ్లు. కాలేయంలోని ఒక ప్రొటీన్ ఆల్ఫాను ఏరుకుని రక్తంలోకి పంపుతుంది. నువ్వుల్లో ఎక్కువగా ఉండే గామా టోకోఫెరాల్ లాంటివాటి అణువు తోకను సీవైపీ4ఎఫ్2 అనే ఎంజైము కత్తిరించుకుంటూ పోతుంది. మిగిలిన ముక్క మూత్రంలో పోతుంది. నువ్వుల్లోని సెసమిన్ ఆ కత్తెరకు అడ్డుపడుతుంది. అంటే నువ్వులు కొత్తగా ఇచ్చేదానికన్నా, పోకుండా ఆపేదే ఎక్కువన్నమాట.

2001లో హవాయి పరిశోధకులు కొద్దిమందికి నువ్వుల మఫిన్లు పెట్టి చూశారు. రోజుకు 5 మి.గ్రా. గామా చొప్పున 3 రోజులు తినేసరికి రక్తంలో గామా 19 శాతం పెరిగింది. అంతే గామాను వాల్‌నట్ల నుంచో సోయా నూనె నుంచో ఇస్తే ఆ పెరుగుదల లేదు.

మరి చర్మం సంగతి? 2008లో జపాన్‌లో బొచ్చులేని ఎలుకలకు టోకోట్రైయినాళ్లు పెడితే అతినీలలోహిత కిరణాల దెబ్బ తగ్గింది, సెసమిన్ తోడైతే ఇంకాస్త తగ్గింది. టోకోట్రైయినాళ్లు తవుడులో ఉంటాయి కాబట్టి, దంపుడు బియ్యం అన్నంలో నువ్వుగుండ కలుపుకుంటే జోడీ కుదిరినట్టే అనిపిస్తుంది. కానీ అది ఎలుకల లెక్క.

మనుషుల లెక్క 1998 నాటి జర్మనీ అధ్యయనంలో ఉంది. 8 రోజులపాటు రోజూ 2 గ్రాముల విటమిన్-సి, 1000 యూనిట్ల విటమిన్-ఇ ఇచ్చారు. చర్మం ఎర్రబారడానికి కావలసిన కిరణాల మోతాదు చదరపు సెంటీమీటరుకు 80 మిల్లీజౌళ్ల నుంచి 96.5కి పెరిగింది. భాగిస్తే 1.2. సన్‌స్క్రీన్ సీసా మీద రక్షణ అంకె 30 అని రాసి ఉండే చోట ఈ 1.2ని పెట్టి చూడండి. అదీ కూరలో చల్లుకునే మోతాదుతో కాదు, మందు మోతాదుతో.

విటమిన్-ఇ ఒక్కటే, రోజుకు 400 యూనిట్లు చొప్పున 6 నెలలు మింగించిన 1994 నాటి అమెరికా ప్రయోగంలో ఎండ నుంచి చెప్పుకోదగ్గ రక్షణ కనబడనే లేదు. మందుల షాపులో నిగారింపు కోసం అడిగి కొనేది ఇంచుమించు ఆ మోతాదు గుళికనే. వార్ఫరిన్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా చూసే మందు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా దాన్ని ముట్టుకోకూడదు. ఎక్కువ మోతాదులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.