ద్వీపం పెట్రోలు, చెన్నై పరుగు: డ్రాగ్ రేసుకు ఫ్యూయల్ ఇంజెక్షన్ ట్యూనింగ్

అండమాన్ నికోబార్ దీవుల్లో గుర్తింపు పొందిన డ్రాగ్ రేసు ట్రాక్ లేదు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి ఈ క్రీడలోకి అడుగుపెట్టాలనుకునే యువకుడు బైకును ఓడ ఎక్కించి, దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటించి, చెన్నై చేరుకోవలసిందే. ప్రయాణానికి సుమారు మూడు రోజులు. అంత శ్రమపడి వెళ్లాక ట్రాక్‌పై తేలవలసింది మాత్రం కొన్ని వందల మీటర్ల పరుగు. కొద్ది సెకన్లలో అంతా ముగిసిపోతుంది. ఆ సెకన్లలో ఇంజిన్‌కు ఎంత పెట్రోలు అందాలో నిర్ణయించేది ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్. ద్వీపంలో చక్కగా అమర్చుకున్న ఇంజెక్షన్ చెన్నైలోనూ అదే తీరున పనిచేస్తుందని భావించడమే ఇందులో ఖరీదైన పొరపాటు.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక కొత్త ద్విచక్ర వాహనాల్లో కార్బ్యురేటర్ దాదాపు కనుమరుగైంది. దాని స్థానంలో ఇంజెక్టర్, దానిని నడిపించే ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ వచ్చాయి. యాక్సిలరేటర్ ఎంత తిప్పారు, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది, గాలి పీడనం, ఉష్ణోగ్రత ఎంత అన్న వివరాలను సెన్సర్ల ద్వారా తెలుసుకుని, ఇంజెక్టర్‌ను ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉంచాలో ఈసీయూ లెక్కిస్తుంది. ఆ లెక్కల పట్టికనే మెకానిక్‌లు ‘మ్యాప్’ అంటారు. ట్యూనింగ్ అంటే ప్రధానంగా ఈ పట్టికలోని అంకెలను సవరించడమే.

సాధారణ ప్రయాణంలో ఈ పట్టికకు ఒక కాపలాదారు ఉంటాడు. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ మిగిలిన ఆక్సిజన్‌ను గమనిస్తూ, పెట్రోలు ఎక్కువైనా తక్కువైనా ఈసీయూకు తెలియజేస్తుంది. యాక్సిలరేటర్‌ను పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం చాలా బైకుల్లో ఈసీయూ ఆ సెన్సర్ మాట వినడం మానేసి, పట్టికలో ఉన్న అంకెనే నమ్ముతుంది. డ్రాగ్ రేసు మొదటి మీటరు నుంచి చివరి మీటరు వరకు దాదాపు అదే స్థితి. పట్టిక తప్పయితే సరిదిద్దేవారు లేరు.

ఇక పెట్రోలు సంగతి. దేశమంతటా పెట్రోలులో ఇథనాల్ కలిపే పథకాన్ని 2019 ఏప్రిల్ 1 నుంచి విస్తరించినప్పుడు కేంద్ర ప్రభుత్వం అండమాన్ నికోబార్, లక్షద్వీప్‌లను మినహాయించింది. ఆ తర్వాత ప్రధాన భూభాగంలో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. అదే ఈ-20 పెట్రోలు. కాబట్టి ద్వీపం నుంచి వెళ్లే రేసర్ ముందుగా తేల్చుకోవలసినది, తాను ఇంజిన్‌ను ట్యూన్ చేసిన పెట్రోలు ఏది, పరుగు తీసే పెట్రోలు ఏది అన్నదే. బైకును ఓడలో పంపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేస్తారు గనుక, చెన్నైలో నింపేది ఎలాగూ అక్కడి పెట్రోలే.

తేడా చిన్నదేమీ కాదు. ఇథనాల్ అణువులోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది. దాన్ని మండించడానికి గాలి తక్కువ చాలు. మరోలా చెప్పాలంటే, అదే గాలికి ఇథనాల్ ఎక్కువ కావాలి. ఇథనాల్ లేని పెట్రోలు ఒక గ్రాము పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి అవసరమైతే, ఈ-20కి సుమారు 13.5 గ్రాములు సరిపోతాయి. అందువల్ల ఇథనాల్ లేని పెట్రోలుకు అమర్చిన మ్యాప్‌తో ఈ-20 వాడితే ఇంజిన్‌కు ఇంధనం సుమారు 8 శాతం తక్కువ పడినట్టే. మెకానిక్‌ల మాటల్లో ఇంజిన్ ‘లీన్’ అవుతుంది. శక్తి తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. నాకింగ్‌ను తట్టుకునే గుణం ఇథనాల్‌కు ఎక్కువే అయినా, ఆ భరోసాతో పిస్టన్‌ను పణంగా పెట్టడం వివేకం కాదు.

ఇక్కడే లాంబ్డా అనే కొలత అక్కరకు వస్తుంది. ఇంధనం ఏదైనా, గాలి సరిగ్గా సరిపోయినప్పుడు దాని విలువ 1. పూర్తి శక్తి కోసం చాలా ఇంజిన్‌లను 0.85 నుంచి 0.88 మధ్య నడుపుతారు. ద్వీపంలో 0.86 వద్ద నిలిపిన ఇంజిన్, మ్యాప్ మార్చకుండా ఈ-20తో 0.93 దగ్గరకు వెళ్లిపోతుంది. గాలి-ఇంధన నిష్పత్తిని చూపే మీటర్లు చాలావరకు లాంబ్డాను కొలిచి, దాన్ని 14.7తో గుణించి చూపుతాయి. ఈ సంగతి తెలియక, ఈ-20 వాడుతున్నాం కదా అని అదే మీటరుపై 11.6 కోసం ప్రయత్నించేవారు అవసరానికి మించి పెట్రోలు పోస్తారు. లాంబ్డాను చూసి పనిచేస్తే ఈ గందరగోళం ఉండదు.

ఇంజెక్టర్‌కూ ఒక హద్దు ఉంది. నిమిషానికి 10,000 సార్లు తిరిగే ఫోర్-స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక పూర్తి చక్రానికి దొరికే సమయం 12 మిల్లీసెకన్లే. అందులో దాదాపు 85 శాతానికి మించి ఇంజెక్టర్‌ను తెరిచి ఉంచడం మంచిది కాదన్నది ట్యూనర్లు పాటించే నియమం. ద్వీపం పెట్రోలుతో 80 శాతం వద్ద ఉన్న ఇంజెక్టర్‌ను ఈ-20 కోసం మరో 8 శాతం పెంచితే ఆ గీత దాటినట్టే. అప్పుడు మ్యాప్‌లో అంకె మార్చినంత మాత్రాన సరిపోదు. పెద్ద ఇంజెక్టర్ కావాలి. దానికి ఆ తరగతి నిబంధనలు ఒప్పుకుంటాయా లేదా అన్నది మరో ప్రశ్న.

గాలి విషయంలో ద్వీపవాసికి కొంత అనుకూలత ఉంది. సుమారు 920 మీటర్ల ఎత్తులోని బెంగళూరులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు పదో వంతు తక్కువ. అక్కడి నుంచి చెన్నైకి దిగే రేసర్ ఆ తేడానంతా సర్దుకోవాలి. శ్రీ విజయ పురం నుంచి వచ్చేవారికి ఆ బెడద లేదు. అయితే తేమ ఉంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున గాలిలో మూడు శాతానికి పైగా నీటి ఆవిరే ఉంటుంది. పీడనాన్ని కొలిచే సెన్సర్‌కు ఆవిరికీ ఆక్సిజన్‌కూ తేడా తెలియదు. వానాకాలంలో ద్వీపంలో అమర్చిన మ్యాప్, పొడి వాతావరణం ఉన్న రోజున చెన్నైలో మరో ఒకటి రెండు శాతం లీన్ అవుతుంది. పెట్రోలు తేడా, తేమ తేడా రెండూ ఒకే వైపు లాగడమే ఇక్కడి చిక్కు.

వీటిని ఎంతవరకు సరిదిద్దుకోవచ్చో చెప్పేది నిబంధనల పుస్తకం. దేశంలో మోటారు క్రీడలను పర్యవేక్షించే ఎఫ్ఎంఎస్‌సీఐ నిర్వహించే పోటీలకు ఆ సంస్థ ఇచ్చే లైసెన్సు ఉండాలి. ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి, అనుమతించిన మార్పులను బట్టి తరగతులు విడదీస్తారు. బెంగళూరు రేసర్ హేమంత్ ముద్దప్ప జాతీయ డ్రాగ్ టైటిళ్లు సాధించిన తరగతిలో 1,000 సీసీ దాటిన బైకులు పరుగెడతాయి. చిన్న దేశీయ బైకులకు వేరే తరగతులున్నాయి. ఈసీయూను మార్చవచ్చా, అదనపు మాడ్యూల్ తగిలించవచ్చా, ఏ ఇంధనం వాడాలి అన్నవి ఆ ఏటి నిబంధనల్లోనే చూడాలి. రాయలేదు గనుక చేయవచ్చు అన్న వాదన సాంకేతిక తనిఖీ అధికారి ముందు నిలవడం అరుదు. కంపెనీ ఈసీయూనే ఉంచాలన్న తరగతిలో రేసర్ చేతిలో మిగిలేవి శుభ్రమైన ఇంజెక్టర్, కొత్త ఎయిర్ ఫిల్టర్, సరైన ప్లగ్గు, నిండా చార్జి ఉన్న బ్యాటరీ. బ్యాటరీ వోల్టేజీ పడిపోతే ఇంజెక్టర్ ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఈ చిన్న సంగతి చాలామంది పట్టించుకోరు.

రోడ్డు సంగతి వేరు. కంపెనీ నిర్దేశించిన మౌలిక వివరాలు మారేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇచ్చిన తీర్పులో దీన్ని నొక్కిచెప్పింది. అలా మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించే వీలుంది. ప్రభుత్వ రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ రహదారిపై పందెం కాయడం 189వ సెక్షన్ కింద నేరం. 2011 జనగణన ప్రకారం సుమారు 13 శాతం మంది తెలుగు మాతృభాషగా ఉన్న ఈ దీవుల్లో, అర్ధరాత్రి ఖాళీ రోడ్డు దొరికిందని సరదా పడే కుర్రాళ్లకు ఈ మాట ఇంట్లో పెద్దలు చెప్పాల్సి ఉంది.

పోటీ ముగిసి బైకు తిరిగి ఓడ దిగాక పని ఇంకా మిగిలే ఉంటుంది. ఈ-20కి అమర్చిన మ్యాప్ ద్వీపం పెట్రోలుకు ‘రిచ్’ అవుతుంది: ప్లగ్గులు నల్లబడతాయి, క్యాటలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటుంది. రిజిస్ట్రేషన్ ఉన్న బైకే అయితే, ఏఎన్-01 నంబరు ప్లేటుతో రోడ్డెక్కే ముందే కంపెనీ మ్యాప్‌ను తిరిగి ఎక్కించి, తీసేసిన ఆక్సిజన్ సెన్సర్‌ను మళ్లీ బిగించాలి.