పసుపు సారం – మందుకు తోడా, బదులా?

విజయవాడ బెంజ్ సర్కిల్ నుండి కృష్ణానది దాటి తెనాలి దారిలో సాగితే దుగ్గిరాల పసుపు మార్కెట్ వస్తుంది. పసుపులోని కుర్కుమిన్ కొలెస్టరాల్‌ను కొంతమేర తగ్గించగలదని పలు పరిశోధనలు సూచించాయి. అయితే అది రక్తంలోకి స్వల్పంగానే చేరుతుంది. 2 గ్రాముల కుర్కుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ జోడించగా, మానవులలో దాని జీవలభ్యత 20 రెట్లు పెరిగినట్లు 1998లో బెంగళూరు పరిశోధకులు ప్రకటించారు. మిరియాలలోని ఈ పైపెరిన్ ఇతర మందుల విచ్ఛిత్తిని సైతం మందగింపజేయగలదు. గాఢసారాలు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలూ నమోదయ్యాయి. ఓలాంజపిన్ వంటి మానసిక వ్యాధుల మందులవల్ల పెరిగే బరువును పసుపు తగ్గిస్తుందనుటకు మానవులలో తగిన ఆధారం లేదు.

కొమ్ములు అతిగా ఉడికితే కుర్కుమిన్ తగ్గుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు రైతుకు తెలుపవలసినది ఈ మెలకువ. వైద్యుడిచ్చిన మందు మానవచ్చునని మాత్రం ఎవరికీ చెప్పరాదు.