అశ్వక్రీడలలో అంతర్జాతీయ అర్హత: జంట, దేశం, జట్టు

వ్యాససంగ్రహం: అంతర్జాతీయ అశ్వక్రీడలలో ఆశ్వికులు, జట్లు అర్హత పొందే విధానాన్ని కోనసీమ క్రీడాకారునికి సంబంధించిన బ్యాడ్మింటన్ ఉదాహరణతో పోల్చి వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: అశ్వక్రీడలు, డ్రెసాజ్, కోటా స్థానం, కనీస అర్హత ప్రమాణం, అమలాపురం.

1. ఉపోద్ఘాతం

గోదావరి డెల్టా నుంచి అంతర్జాతీయ వేదికకు ఎదిగిన క్రీడాకారులలో అమలాపురానికి చెందిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి ప్రముఖులు. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ఆయన చిరాగ్ శెట్టితో కలిసి పురుషుల డబుల్స్ స్వర్ణం సాధించారు. అవే క్రీడలలో భారత డ్రెసాజ్ జట్టు కూడా స్వర్ణం గెలిచింది. అశ్వక్రీడలలో భారతదేశానికి 1982 తరువాత 41 ఏళ్లకు దక్కిన స్వర్ణమది. బ్యాడ్మింటన్ ర్యాంకింగుల సంగతి తెలుగు పాఠకులకు కొంత పరిచితమే. ఆశ్వికుని అర్హతామార్గం మాత్రం తెలుగులో అంతగా చర్చకు రాలేదు.

2. అర్హత జంటది

డబుల్స్‌లో ర్యాంకింగ్ పాయింట్లు ఇద్దరికీ ఉమ్మడిగా లభిస్తాయి. భాగస్వామి మారితే కొత్త జంట తన స్థానాన్ని తిరిగి సంపాదించుకోవాలి. అశ్వక్రీడలలో ఆ భాగస్వామి గుర్రం. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య నిర్దేశించిన కనీస అర్హత ప్రమాణాన్ని ఆశ్వికుడు, గుర్రం జంటగా అందుకోవాలి. 2024 పారిస్ ఒలింపిక్ డ్రెసాజ్‌కు ఈ ప్రమాణం 67 శాతం. ఒక గుర్రంపై సాధించిన ఫలితం మరొక గుర్రానికి వర్తించదు. అంతేకాక, ఒలింపిక్స్‌లో పాల్గొనే గుర్రం యజమాని ఆశ్వికుని దేశీయుడే అయి ఉండాలి. ఆ నమోదు నిర్ణీత గడువులోగా పూర్తి కావాలి.

3. కోటా దేశానిది

కనీస ప్రమాణాన్ని అందుకున్నంత మాత్రాన ఒలింపిక్ ప్రవేశం లభించదు. దేశానికి కోటా స్థానం కూడా దక్కాలి. జట్టుగా అర్హత పొందని దేశాల ఆశ్వికులు ప్రాంతీయ వర్గాలవారీ ర్యాంకింగుల ద్వారా వ్యక్తిగత స్థానాల కోసం పోటీపడతారు. టోక్యో ఒలింపిక్స్‌కు ఫవాద్ మీర్జా ఆగ్నేయాసియా, ఓషియానియా దేశాల 'జి' వర్గంలో అగ్రస్థానం పొంది ఈవెంటింగ్‌లో అర్హత సాధించారు. అక్కడ ఆయన 23వ స్థానంలో నిలిచారు.

పారిస్ విషయంలో కోటాకూ వ్యక్తికీ గల భేదం మరింత స్పష్టమైంది. డ్రెసాజ్‌లో భారత్‌కు లభించిన స్థానం ఒక్కటే. అనూష్ అగర్వాలా, శ్రుతి వోరా ఇద్దరూ కనీస ప్రమాణాన్ని అందుకున్నారు. జాతీయ సమాఖ్య వారి ఇటీవలి ఫలితాల సగటులను పోల్చి అనూష్‌ను ఎంపిక చేసింది. ఒలింపిక్ డ్రెసాజ్‌లో పాల్గొన్న తొలి భారతీయుడు ఆయనే. అర్హత ఉండీ అవకాశం దక్కకపోవడం ఈ విధానంలో సహజ పరిణామమని దీనివలన గ్రహించవచ్చు.

4. జట్టు గణన

హాంగ్‌జౌలో భారత డ్రెసాజ్ జట్టులో నలుగురు ఉన్నారు. వారిలో ఉత్తమమైన మూడు ఫలితాలే లెక్కలోకి వచ్చాయి. అనూష్ 71.088, హృదయ్ ఛేడా 69.941, దివ్యకృతి సింగ్ 68.176 శాతం సాధించగా మొత్తం 209.205 అయింది. సుదీప్తి హజేలా ఫలితం గణనకు రాకపోయినా ఆమె కూడా స్వర్ణ విజేతే. టోక్యో నుంచి ఒలింపిక్ జట్లలో ముగ్గురే ఉంటున్నారు. ముగ్గురి ఫలితాలూ లెక్కకు వస్తాయి. ఒకరి పొరపాటును కప్పిపుచ్చగల నాలుగవ ఫలితం అక్కడ ఉండదు.

5. గుర్రం ప్రయాణం

క్రీడాకారుడు పాస్‌పోర్టుతో దేశం దాటగలడు. గుర్రానికి వ్యాధి పరీక్షలు, క్వారంటైన్ తప్పనిసరి. భారతదేశపు పశువ్యాధుల స్థితి కారణంగా మన గుర్రాలు అర్హత పోటీలకై విదేశాలకు వెళ్లడం దుష్కరమైంది. అందువల్ల మన ఆశ్వికులు ఐరోపాలో నివసిస్తూ, అక్కడి గుర్రాలపైనే అర్హత సంపాదించవలసి వస్తున్నది. 2025లో మీరట్‌లోని సైనిక పశువైద్య కేంద్రం దేశంలో మొదటి అశ్వవ్యాధి రహిత విభాగంగా ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందడం ఈ అవరోధాన్ని తొలగించే దిశలో ముఖ్యమైన అడుగు.

6. ముగింపు

అమలాపురంలో రాకెట్ పట్టిన బాలుడు స్వదేశంలోనే శిక్షణ పొంది ప్రపంచ ర్యాంకింగులలో అగ్రస్థానానికి చేరగలిగాడు. గుర్రంపై ఆసక్తి గల డెల్టా బాలికకు నేడు అటువంటి మార్గం లేదు. నిబంధనలు అందరికీ సమానమే అయినా, వాటిని అందుకునే సాధనాలు సమానంగా లేవు. కాబట్టి అశ్వక్రీడలలో అర్హతను ప్రతిభకు కొలమానంగా మాత్రమే కాక, వనరుల లభ్యతకు సూచికగా కూడా అధ్యయనం చేయవలసి ఉంది.