దాదాపు సరిపోయిన నట్టు

పాత కారును బాగుచేయడమంటే సొట్టలు తీసి రంగు వేయించడం, సీట్లు కుట్టించడం అని మనలో చాలామంది అనుకుంటాం. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను చూసినా మన కన్ను రంగు మీదే నిలుస్తుంది. షెడ్డులో రోజులు గడిపినవాళ్లను అడిగితే మాత్రం వేరే మాట చెబుతారు. రంగు పని చివరి పది రోజులది. దానికి ముందు నెలల తరబడి సాగేది నట్లతో, బోల్టులతో పోరాటమే. విప్పేటప్పుడు ఒక పోరాటం, మళ్లీ బిగించేటప్పుడు దేనికి ఏది సరిపోతుందో తేల్చుకోవడం ఇంకో పోరాటం.

పశ్చిమ ప్రకాశంలో వెలిగొండల పాదాన ఉన్న చంద్రశేఖరపురంలో ఈ పోరాటాన్ని కొన్ని నెలలుగా మేము దగ్గరుండి చూస్తున్నాం. మా సంఘ పెద్ద, విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకాయన దగ్గర 1974 నాటి అంబాసిడర్ ఉంది. బస్సులు అరకొరగా తిరిగే కాలంలో భైరవకోన వైపు పల్లెల నుంచి నొప్పులు పడుతున్న తల్లులను కనిగిరికో, ఒంగోలుకో చేర్చింది ఆ బండే. పదేళ్లకు పైగా పశువుల కొట్టం పక్కన మూలపడి ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు దాన్ని మళ్లీ నడిపించాలని పూనుకున్నాడు. కనిగిరి నుంచి ఒక పెద్దాయన, మాస్టారికి పాత స్నేహితుడైన మెకానిక్, వారానికి రెండు రోజులు వచ్చి పని చేస్తున్నాడు. విప్పిన సామానంతా పాలపొడి డబ్బాల్లో, పెరుగు బకెట్లలో నిండింది. ఆ డబ్బాల దగ్గరే అసలు కథ మొదలైంది.

ఎందుకంటే ఆ ఒక్క బండిలో మూడు వంశాల బోల్టులున్నాయి. అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారుకు మన దేశపు రూపం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివర మొదలై 2014 మే వరకు తయారైంది. దాని చట్రానికి, చక్రాలకు, స్టీరింగుకు వాడినవి ఎక్కువగా అంగుళాల లెక్కలో కోసిన యుఎన్ఎఫ్ మరలు. డ్యాష్‌బోర్డు వెనుక కరెంటు పరికరాల చిన్న స్క్రూలు మరో రకం. వాటిని బిఏ స్క్రూలంటారు. ఇక్కడొక వింత ఉంది. అంగుళాలను ప్రాణంగా చూసుకున్న ఇంగ్లండులోనే పుట్టినా ఈ బిఏ స్క్రూల లెక్క మిల్లీమీటర్లలో ఉంటుంది! మూడో వంశం తర్వాత వచ్చి చేరింది. పెట్రోలు ఖర్చు భరించలేక 1990లలో మాస్టారు ఆ బండికి మెటాడోర్ డీజిల్ ఇంజిన్ వేయించారు. ఆ రోజుల్లో వందలాది అంబాసిడర్లకు అదే జరిగింది. ఆ ఇంజిన్ జర్మన్ మూలాలది, అందులో అన్నీ మెట్రిక్ మరలే. అంగుళాల ఇంటికి మిల్లీమీటర్ల కోడలు వచ్చిందన్నమాట. ఇద్దరూ కలిసే చోట, అంటే ఇంజినును చట్రానికి కూర్చోబెట్టిన పట్టీల దగ్గర, ఏ నట్టు ఎవరిదో తేల్చడం ఎవరి తరమూ కాదు.

అసలు ఇన్ని రకాలు ఎందుకు పుట్టాయి? 1841కి ముందు ఇంగ్లండులో ఏ కర్మాగారం మర దానిదే. ఒక చోట చేసిన నట్టు మరో చోటి బోల్టుకు ఎక్కేది కాదు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు ఆ ఏడాది 55 డిగ్రీల కోణంతో ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ కోయడానికి సులువని 60 డిగ్రీల కోణం ఎంచుకున్నాడు. ఐదు డిగ్రీల తేడా! రెండో ప్రపంచ యుద్ధంలో దాని ధర తెలిసింది. రోల్స్‌రాయిస్ మెర్లిన్ విమాన ఇంజినును అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తయారు చేయవలసి వచ్చినప్పుడు, బ్రిటిష్ మరలు కోసే పనిముట్లను ముందు తనే తయారు చేసుకోవలసి వచ్చింది. యుద్ధం ముగిశాక 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా దేశాలు వాషింగ్టన్‌లో కూర్చుని 60 డిగ్రీల ఉమ్మడి మరకు సంతకాలు చేశాయి. మన అంబాసిడర్‌లోని యుఎన్ఎఫ్ ఆ ఒప్పందపు బిడ్డే.

మోరిస్ కంపెనీ కథ ఇంకా విచిత్రం. 1923లో అది కోవెంట్రీలోని హాచ్‌కిస్ ఇంజిన్ కర్మాగారాన్ని కొన్నది. అక్కడి యంత్రాలు ఫ్రెంచివి, మెట్రిక్ మరలే కోస్తాయి. యంత్రాలు మార్చడం ఖర్చు. ఇంగ్లండు మెకానిక్కుల పానాలేమో విట్‌వర్త్‌వి. అందుకని బోల్టు మర ఫ్రెంచిది, తల ఇంగ్లీషుది పెట్టి దశాబ్దాల పాటు ఇంజిన్లు చేశారు. ఆ కాలపు మోరిస్, ఎంజీ కార్లను బాగుచేసేవాళ్లు ఈనాటికీ తలలు పట్టుకుంటారు. మనం మాత్రం తక్కువా? 1956లో చట్టం చేసి, 1957 ఏప్రిల్ 1న నయాపైసలు తెచ్చి, ఆపై కిలోలు, మీటర్లు నేర్చుకున్న దేశంలో ఇవాళ్టికీ వడ్రంగి అంగుళాల్లోనే కొలుస్తున్నాడు, పైపుల కొట్టులో అరంగుళం పైపే అడుగుతున్నాం.

ఇక చంద్రశేఖరపురం డబ్బాల దగ్గరకు వద్దాం. అసలు సరిపోని నట్టుతో ప్రమాదం లేదు. అది ఎక్కనే ఎక్కదు, పక్కన పడేస్తాం. ప్రమాదమంతా దాదాపు సరిపోయినదానితోనే. అంగుళంలో ఐదు బై పదహారు బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు. మెట్రిక్ ఎనిమిది బోల్టు లావు 8 మిల్లీమీటర్లు. కంటికి తేడా తెలియదు. మొదటి దాని తలకు అరంగుళం పానా, అంటే 12.7 మిల్లీమీటర్లు. రెండో దాని తలకు 13. పానాకూ తేడా తెలియదు, కాకపోతే తల అంచులు మెల్లగా గుండ్రబడతాయి. కానీ మర దూరం చూడండి. యుఎన్ఎఫ్‌లో చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.06 మిల్లీమీటర్లు, మెట్రిక్‌లో 1.25. మెట్రిక్ నట్టును ఆ బోల్టు మీద పెడితే మొదటి రెండు చుట్లు చేత్తోనే తిరుగుతుంది. ఆ తర్వాత పట్టేస్తుంది. 'టైటయింది' అని మనం సంబరపడి పానా వేసి ఇంకా బిగిస్తాం. లోపల జరిగేది బిగింపు కాదు, మర పళ్లు ఒకదాన్నొకటి నలిపేసుకోవడం.

సరిగ్గా అలాంటి నట్టే ఆ అంబాసిడర్ స్టీరింగు దగ్గర దొరికింది. పెద్దాయన దాన్ని డీజిల్‌లో కడిగి, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది నేనేసిందే అయ్యగారూ" అన్నాడు. ఇంజిన్ మార్చిన కొత్తలో ఒక రాత్రి బండి ఆగిపోయిందట. వెనుక సీటులో నెలలు నిండిన అమ్మాయి. అసలు నట్టు చీకట్లో మట్టిలో పడిపోయింది. సంచిలో వెతికితే ఇది ఎక్కింది. "రేపు మారుస్తా మాస్టారూ అన్నా. ఆ రేపు రానే లేదు." మాస్టారు ఏమీ అనలేదు, స్నేహితుడి ముందుకు టీ గ్లాసు జరిపారు. ఆ రాత్రి పుట్టిన పాప ఇప్పుడు ఒంగోలులో నర్సు. ఆ నట్టుతో ఆ బండి తర్వాత ఎన్నేళ్లు ఘాట్ మలుపులు తిరిగిందో లెక్కేస్తే మాకు ఒళ్లు జలదరించింది.

ఇది మారుమూల షెడ్లలో మాత్రమే జరిగేదని అనుకోకండి. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మాలగాకు బయలుదేరింది. పదిహేడు వేల అడుగుల ఎత్తు దాటాక కెప్టెన్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ నడుము దాకా బయటకు లాగేయబడ్డాడు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని వేలాడారు. కో పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించేదాకా సుమారు ఇరవై నిమిషాలు అలాగే పట్టుకున్నారు. అందరూ బతికారు, కెప్టెన్‌తో సహా. విచారణలో తేలిందేమిటంటే, అంతకు ముందు రోజు తెల్లవారుజామున ఆ అద్దాన్ని మార్చారు. బిగించిన 90 బోల్టుల్లో 84 కావలసిన లావు కంటే సన్నవి, అదీ అంగుళంలో వెయ్యింట 26 వంతులు, మిల్లీమీటరు కూడా కాదు. మిగిలిన 6 పొట్టివి. మర దూరం మాత్రం సరిపోయేదే కాబట్టి అన్నీ చక్కగా తిరిగాయి, బిగిసినట్టే అనిపించాయి.

అక్కడి మేనేజరు నిర్లక్ష్యపు మనిషి కాదు. రాత్రి డ్యూటీలో, మసక వెలుతురులో, విప్పిన పాత బోల్టును పక్కన పెట్టుకుని కంటితో, వేలితో జత చూసుకున్నాడు. సరైన నంబరు ఏదో స్టోరు మనిషి చెప్పనే చెప్పాడు. కానీ చేతిలో పాతది ఉండగా పుస్తకం ఎందుకు అనుకున్నాడు. తీరా ఆ పాతవి కూడా అంతకు ముందెవరో వేసిన పొట్టి బోల్టులే! కంటి కొలతకు కంటి కొలతే సాక్షి అయితే ఏమవుతుందో చూడండి.

1904 ఫిబ్రవరి 7న అమెరికాలోని బాల్టిమోర్ నగరం అంటుకున్నప్పుడు వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్‌ల నుంచి ఫైరింజన్లు వచ్చాయి. మనుషులున్నారు, గొట్టాలున్నాయి, కుళాయిల్లో నీళ్లున్నాయి. బయటి గొట్టాల మరలు బాల్టిమోర్ కుళాయిలకు కలవలేదు. పదిహేను వందలకు పైగా భవనాలు కాలిపోయాయి.

మేము సెమినరీలో చదివింది మర లెక్కలు కాదు, గ్రీకు వ్యాకరణం. అయినా ఆ షెడ్డులో నిలబడినప్పుడు ఒక మాట పదే పదే గుర్తుకొచ్చింది. ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు రెండు చోట్ల 'సునార్మొలొగెయో' అనే క్రియ వాడాడు, చక్కగా అమర్చి జతచేయడం అని అర్థం. దాని లోపల ఉన్న 'హార్మోస్' అంటే కీలు, అతుకు. మన గుళ్లలో వాయించే హార్మోనియం పేరు కూడా చివరికి ఆ మూలం నుంచే వచ్చింది. సొలొమోను మందిరపు రాళ్లను గనిలోనే కొలత ప్రకారం చెక్కి తెచ్చారు కాబట్టి కట్టే చోట సుత్తి చప్పుడు వినబడలేదని రాజుల గ్రంథం చెబుతుంది. సుత్తి చప్పుడు ఎక్కువ వినిపించే షెడ్డును ఇక అనుమానంగా చూస్తామని మేమంటే పెద్దాయన నవ్వాడు. సంచిలో హెచ్చుతగ్గుల రాళ్లు ఉంచుకోవద్దన్న ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞ బజారు మోసానికి సంబంధించినదే. కానీ ఒక చోట రెండు కొలతలుంటే బలహీనుడే నష్టపోతాడన్న ఎరుక ఆ ఆజ్ఞ వెనుక ఉంది. ఈ బండిలో ఆ బలహీనుడు వెనుక సీటులో పడుకున్న గర్భిణి.

ఇప్పుడు పని పద్ధతి మారింది. రంపపు పళ్ల లాంటి రేకులున్న మర గేజ్ ఒకటి, వెర్నియర్ కాలిపర్ ఒకటి కొన్నారు. ప్రతి బోల్టునూ ముందు గేజ్‌తో చూసి, అప్పుడే డబ్బాలో వేస్తున్నారు. తల మీద ఒకదానికొకటి తగిలిన చిన్న వలయాల గుర్తు ఉంటే అంగుళాల డబ్బాలోకి, 8.8 అనో 10.9 అనో అంకె ఉంటే మెట్రిక్ డబ్బాలోకి. ఏ గుర్తూ లేనిదాన్ని స్టీరింగుకు, బ్రేకులకు వాడకూడదని నియమం పెట్టుకున్నారు. కొడుకు తెచ్చిన మెరిసే స్టెయిన్‌లెస్ బోల్టుల పెట్టెను పెద్దాయన నంబరు ప్లేటుకు, రేకుల పనికి మాత్రమే ఒప్పుకున్నాడు. తుప్పు పట్టకపోవడం వేరు, బరువు మోయడం వేరు అన్నాడు.

'అన్నిటికీ మళ్లీ ట్యాప్ వేసి మెట్రిక్ చేసేస్తే పోలా?' అన్న సలహా కూడా వచ్చింది. మాకైతే అది సోమరి సలహాగానే తోచింది. ఉన్న మరను చెరిపి దాని మీదే వేరే మర కోస్తే రెండూ సగం సగమే మిగులుతాయి. మర పూర్తిగా పోయిన చోట రంధ్రం పెద్దది చేసి స్ప్రింగు లాంటి తీగచుట్టను లోపల కూర్చోబెట్టి, అసలు కొలతనే తిరిగి తెచ్చుకోవచ్చు. రెండు చోట్ల అలాగే చేశారు.

ఇంజిన్ సంగతి ఇంకా తేలలేదు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చట్రం, బాడీ, ఇంజిన్ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. రుసుము 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు. పాత పెట్రోలు ఇంజిన్ వెతికి తెచ్చి అందుకు ప్రయత్నిద్దామని కొడుకు ఆశ. అయితే వింటేజ్ బండిని రోజూ తిప్పుకోకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు తప్ప రోడ్డెక్కకూడదు. "చూసి మురవడానికి నాకెందుకయ్యా, ఆదివారం ముసలోళ్లను గుడికి తెచ్చే బండి కావాలి" అంటున్నారు మాస్టారు. తండ్రీకొడుకులు దీని మీద రెండు వారాలుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

పెద్దాయన మొన్న స్వయంగా విజయవాడ ఆటోనగర్ వెళ్లి స్టీరింగుకు సరైన యుఎన్ఎఫ్ నట్లు తెచ్చాడు. కావలసింది ఒకటి, తెచ్చింది ఆరు. బస్సు చార్జీలు ఇవ్వబోతే తీసుకోలేదు. ముందు చక్రాల పని పూర్తయింది. వెనుక కమాన్ కట్టల బోల్టులు మాత్రం ఇంకా కదలలేదు, తుప్పుతో బిగుసుకుపోయి డీజిల్‌లో నానుతున్నాయి.