పాట మనదైతే సరిపోదు, రికార్డింగూ మనదై ఉండాలి

1953 మే 15న కెనడాలోని టొరంటోలో, మాసీ హాల్‌లో ఐదుగురు నల్లజాతి సంగీతకారులు జాజ్ కచేరీ చేశారు. చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ, బడ్ పావెల్, చార్లెస్ మింగస్, మాక్స్ రోచ్. ఆ రాత్రి చేసిన రికార్డింగు తర్వాత డిస్కులుగా వచ్చింది. వాటి మీద పార్కర్ పేరు లేదు, "చార్లీ చాన్" అని ఉంది. అప్పటికే ఆయన మరో కంపెనీతో ఒప్పందంలో ఉన్నాడు. అందుకే తాను ఊదిన శాక్సఫోన్‌కు తన పేరు వేసుకునే వీలు లేకపోయింది.

ఆ డిస్కులు వేసింది డెబ్యూ రికార్డ్స్. మింగస్, ఆయన భార్య సీలియా, రోచ్ కలిసి 1952లో పెట్టుకున్న సొంత సంస్థ అది. కచేరీ రికార్డింగులో బేస్ వాద్యం సరిగా వినిపించకపోతే మింగస్ తన భాగాన్ని మళ్ళీ వాయించి కలిపాడు. సంగీతం, రికార్డింగు, అమ్మకం అన్నీ తామే చూసుకున్నారు. అంతటి పేరున్నవాళ్ళు నడిపినా ఆ సంస్థ 1957 దాకానే సాగింది.

మనకు ఈ కథ ఎందుకు? ఎందుకంటే ఆ దారి మనకు తెలిసిందే. జాజ్‌ను పుట్టించింది నల్లవాళ్ళు. కానీ మొదటి జాజ్ డిస్కుగా చెప్పే రికార్డును 1917లో వాయించింది తెల్లవాళ్ళ బృందం. 1920ల నుంచి కంపెనీలు నల్లవాళ్ళ రికార్డులను "రేస్ రికార్డులు" అంటూ వేరే జాబితాలో అమ్మాయి. ఊరి బయట వాడ ఉన్నట్టే సంగీతానికీ ఒక వాడ కట్టారు. బిల్‌బోర్డ్ పత్రిక ఆ పేరు మార్చడానికి 1949 దాకా పట్టింది.

ఆ వాడ నుంచే 1921లో హ్యారీ పేస్ న్యూయార్క్‌లో బ్లాక్ స్వాన్ రికార్డ్స్ మొదలుపెట్టాడు. దాని డైరెక్టర్లలో డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ ఒకరు. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ ఉత్తరం రాసింది ఈ డుబాయిస్‌కే. బ్లాక్ స్వాన్ ద్వారా ఎథెల్ వాటర్స్ పాటలు దేశమంతా వినిపించాయి. కానీ పెద్ద కంపెనీలు పోటీకి దిగాయి, రేడియో వచ్చింది, అప్పులు పెరిగాయి. 1924లో ఆ జాబితా పారామౌంట్ చేతికి పోయింది.

సొంతంగా రికార్డు వేసుకోవడంలో కష్టం ఎక్కడుంది? ముందు ఒక విషయం విడదీసి చూడాలి. ప్రతి రికార్డింగులో రెండు హక్కులుంటాయి. ఒకటి పాట రాసి స్వరం కట్టినవారిది. రెండోది ఆ రికార్డింగుది, దాన్నే మాస్టర్ అంటారు. జాజ్‌లో చాలామంది పాత బాణీలు ఎత్తుకుని వాటి మీద అప్పటికప్పుడు అల్లుతారు. ఆ అల్లిక ఎంత గొప్పదైనా బాణీ హక్కు మొదటి రచయితదే. అందుకే వాయించినవారి చేతిలో మిగలగలిగింది మాస్టర్ ఒక్కటే. అదీ కంపెనీకి పోతే చేతికొచ్చేది ఆ రోజు కూలీ మాత్రమే.

మాస్టర్ నిలుపుకోవాలంటే ఖర్చు ముందే పెట్టాలి. ఐదుగురు ఒకే గదిలో ఒకరినొకరు వింటూ వాయించాలి కనుక ఒక్క ల్యాప్‌టాప్‌తో పని జరగదు. స్టూడియో అద్దె, మంచి పియానో, ఇంజనీరు, మిక్సింగ్, మాస్టరింగ్, అట్ట, డిస్కుల ముద్రణ, తోటి వాద్యకారుల కూలీ అన్నీ ఉంటాయి. వేరొకరి బాణీ వాయిస్తే కాపీకి ఇంత అని రచయితకు చెల్లించాలి. అమెరికాలో పాట 5 నిమిషాలు దాటితే నిమిషాల లెక్కన ఆ రుసుం పెరుగుతుంది.

స్ట్రీమింగ్‌లో లెక్క తిరగబడుతుంది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒక ప్లే. 2 నిమిషాల పాటకూ ఒకటే, 15 నిమిషాల జాజ్ వాదనకూ ఒకటే. 2024 నుంచి అక్కడ 12 నెలల్లో 1,000 ప్లేలు రాని పాటకు రికార్డింగు రాయల్టీయే లేదు. కొద్దిమంది శ్రోతలు శ్రద్ధగా వినే సంగీతానికి ఈ పద్ధతి సరిపడదు.

దారి వెతికినవాళ్ళూ ఉన్నారు. 1971లో చార్ల్స్ టాలివర్, స్టాన్లీ కవెల్ న్యూయార్క్‌లో స్ట్రాటా-ఈస్ట్ పెట్టారు. అక్కడ మాస్టర్ కళాకారుడిదే. ఖర్చు అతనిది, రాబడిలో పెద్ద భాగమూ అతనిదే. గిల్ స్కాట్-హెరాన్, బ్రయన్ జాక్సన్‌ల "వింటర్ ఇన్ అమెరికా" 1974లో అక్కడి నుంచే వచ్చింది. ఇప్పుడు చాలామంది బ్యాండ్‌క్యాంప్‌లో శ్రోతలకు నేరుగా అమ్ముతున్నారు. డిజిటల్ అమ్మకాల్లో అది మామూలుగా తీసుకునేది 15 శాతం. డబ్బు తక్కువే రావచ్చు, కానీ హక్కు ఎక్కడికీ పోదు.

ఇక మన సంగతి. మన చట్టం, అంటే 1957 నాటి కాపీరైట్ చట్టం, రికార్డింగుకు కర్తగా చూసేది దాని నిర్మాతను. ఆ హక్కు 60 ఏళ్ళు ఉంటుంది. ఎవరో స్టూడియోకు పిలిచి, డబ్బు పెట్టి మన డప్పు దరువును, మన అమ్మల పాటను రికార్డు చేస్తే మాస్టర్ వాళ్ళదవుతుంది. దాని కింద "సంప్రదాయ జానపదం" అని రాస్తే కట్టినవారి పేరు కూడా పోతుంది. అంటరాని వాద్యమని డప్పును దూరం పెట్టిన సమాజమే దాని మోతను అమ్ముకుంటుంది.

అయితే చట్టంలో మనకు పనికొచ్చేవీ ఉన్నాయి. 2012 సవరణ తర్వాత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను నిర్మాతకు రాసిచ్చినా అది చెల్లదు. వాణిజ్యంగా వాడుకుంటే ప్రదర్శించిన కళాకారులకూ రాయల్టీ హక్కు ఉంది. ఒప్పందంలో గడువు రాయకపోతే అది 5 ఏళ్ళకే పరిమితం. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. రచయితలు, స్వరకర్తలు ఐపీఆర్ఎస్‌లో సభ్యులు కావచ్చు.

అందుకే మా మాట ఇది. స్టూడియోకు వెళ్ళేముందు పాట ఎవరు కట్టారు, ఎవరు వాయిస్తున్నారు, ఎవరి వాటా ఎంత అన్నది కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టండి. "శాశ్వతంగా, సర్వహక్కులూ" అన్న మాట కనిపిస్తే ఆగి, తెలిసినవారికి చూపించండి. అసలు ఫైళ్ళ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. వాయించిన ప్రతి ఒక్కరి పేరూ వేయించండి. పార్కర్ అంతటివాడే తన రికార్డు మీద మారుపేరుతో ఉండాల్సి వచ్చింది. మన ఫోన్లలో మోగే డప్పు పాటల కింద ఎవరి పేరుందో ఈ రోజే ఒకసారి చూడండి.