సీలింగ్‌లో కన్నం, కన్నంలో దీపం: మీకు తెలుసా?

కొత్త ఇల్లు కట్టుకునేవాళ్ళు టైల్స్ కోసం నాలుగు షోరూములు తిరుగుతారు. గుమ్మానికి టేకు వేయించాలా, వేప చాలా అని ఊళ్ళో పెద్దవాళ్ళందరినీ అడుగుతారు. సీలింగ్ లైట్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం "గదికి ఆరు కొట్టేద్దాం సార్" అన్న ఫాల్స్ సీలింగ్ మేస్త్రి మాటే ఖాయం. ఆయన పెన్సిల్‌తో సున్నాలు చుడతాడు, డ్రిల్లుకు హోల్ సా తగిలించి తిప్పేస్తాడు. లైటు ఐదేళ్ళకో పదేళ్ళకో మారుతుంది. కన్నం మాత్రం సీలింగ్ ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉంటుంది. అది పడకముందే తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. తెలిస్తే సరదాగా ఉండేవీ కొన్ని ఉన్నాయి.

తెల్ల ఎల్ఈడీ నిజానికి నీలం

సీఓబీ (చిప్ ఆన్ బోర్డ్) రకం లైటును ఆపేసి చూడండి. మధ్యలో పసుపు బిళ్ళ ఒకటి కనిపిస్తుంది. దాని అడుగున ఉన్న చిప్ ఇచ్చేది నీలి కాంతి. పైన పూసిన ఫాస్ఫర్ ఆ నీలంలో కొంత మింగి పసుపుగా వదులుతుంది. మిగిలిన నీలం, ఈ పసుపు కలిస్తే మన కంటికి తెలుపు.

ఎర్ర ఎల్ఈడీని అమెరికాలో నిక్ హోలోన్యాక్ 1962లోనే వెలిగించాడు. కాంతివంతమైన నీలం కోసం ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టింది. జపాన్‌లో తోకుషిమా దగ్గర నిచియా అనే కంపెనీలో పనిచేస్తున్న షుజి నకమురా 1993లో దాన్ని సాధించాడు. అకసాకి, అమానోలతో కలిసి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. మొదట్లో కంపెనీ ఆయనకిచ్చిన బహుమానం 20,000 యెన్లు. ఆయన కోర్టుకెక్కితే 2004లో 2,000 కోట్ల యెన్లు ఇవ్వమని తీర్పు వచ్చింది. మరుసటి ఏడాది దాదాపు 84 కోట్ల యెన్ల దగ్గర రాజీ కుదిరింది. మన హాల్లో సీలింగ్ కన్నంలో కూర్చుని వెలిగే ప్రతి డౌన్‌లైటు వెనకా ఈ గొడవ ఉంది.

చల్లని తెలుపుకే ఎక్కువ డిగ్రీలు

పెట్టె మీద 3000 కెల్విన్ అని ఉంటే పసుపు ఛాయ, 4000 అంటే మధ్యరకం, 6500 అంటే ట్యూబులైటు తెలుపు. కొలిమిలో ఇనుము మొదట ఎర్రబడి, తర్వాత పసుపెక్కి, బాగా కాగితే తెల్లబడుతుంది కదా, లెక్క అదే. అంకె పెరిగేకొద్దీ తెలుపు పెరుగుతుంది. వార్మ్, కూల్ అన్న పేర్లు మన కంటికి తోచేదాన్ని బట్టి పెట్టినవి.

తరాల తరబడి ట్యూబులైటు కింద బతికిన మనకు 6500 తప్ప మిగతాదంతా మసకే అనిపిస్తుంది. నా మాట అడిగితే పడకగదికి 3000, వంటగదికి 4000. రాత్రి నీలం పాళ్ళు ఎక్కువున్న కాంతి నిద్రను వెనక్కి నెడుతుంది.

ఫ్యాను కింద సెకనుకు పదిహేను నీడలు

ఫాల్స్ సీలింగ్ ఉన్న ఇళ్ళలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. లైట్లు వేసి ఫ్యాను తిప్పగానే గదంతా అదురుతున్నట్టుంటుంది. వైరింగ్ లూజేమో, ఓల్టేజీ తగ్గిందేమో అని ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తారు. కరెంటు తప్పేమీ ఉండదు. లైటు రెక్కల పైన పడింది, అంతే.

మూడు రెక్కల ఫ్యాను నిమిషానికి 300 చుట్లు తిరిగితే సెకనుకు 5 చుట్లు. ఆ లైటుకు అడ్డంగా సెకనుకు 15 సార్లు రెక్క దాటుతుంది. మనిషి కన్ను అదురును బాగా పట్టేసే వేగం దాదాపు అదే. కాసేపటికి తల పట్టేస్తుంది.

ఎంత దూరంలో పెట్టాలో లెక్క వేసుకోవచ్చు. మామూలు 1200 మిల్లీమీటర్ల ఫ్యానుకు నడిమధ్య నుంచి రెక్క కొస దాకా రెండడుగులు. రెక్కలు సీలింగ్‌కు అడుగు కింద తిరుగుతున్నాయనుకోండి. 60 డిగ్రీల కోణంలో వెలుగు చల్లే లైటు ఆ అడుగు దిగేలోపు పక్కకు అర అడుగు పైచిలుకు పరుచుకుంటుంది. అంటే ఫ్యాను మధ్య నుంచి కనీసం రెండున్నర అడుగులు దాటాలి, మూడైతే బెంగ లేదు. చదునుగా, వెడల్పుగా వెలుగు చల్లే ప్యానెల్ లైటైతే నాలుగడుగులు. కన్నం పడ్డాక ఈ లెక్క తెలిసి లాభం లేదు. ఎలక్ట్రీషియన్, సీలింగ్ మేస్త్రి, ఫ్యాను ముగ్గురూ ఒకే రోజున ఒకే గదిలో ఉండాలి. మా వీధిలో ఏ ఇంట్లోనూ అది జరగ్గా నేను చూడలేదు.

వాట్లు కరెంటు బిల్లుకు, ల్యూమెన్లు కంటికి

కొట్టులో అందరం "ఎన్ని వాట్లు?" అనే అడుగుతాం. వాటు అంటే తినే కరెంటు. ఇచ్చే వెలుగుకు లెక్క ల్యూమెన్లు. 10 వాట్ల లైటు ఒకటి 700 ఇస్తే, ఇంకొకటి 1,000 ఇవ్వచ్చు.

పన్నెండడుగుల చదరం గది అంటే 13.4 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 150 ల్యూమెన్ల చొప్పున దాదాపు 2,000 కావాలి. గోడలు, బీరువాలు, ముదురు రంగులు మింగేది పోగా నూటికి అరవై వంతులే పనికొస్తుందనుకున్నా, సీలింగ్ నుంచి 3,350 దిగితే చాలు. 900 ల్యూమెన్ల లైట్లు నాలుగు పెడితే సరిపోయె. మరి ఆరో ఎనిమిదో ఎందుకు పెడతారు? సీలింగ్ డ్రాయింగులో రెండు వరసలు అందంగా కనిపిస్తాయి కాబట్టి. ఎనిమిది పెట్టుకున్నా తప్పులేదు గానీ రెండు స్విచ్‌లకు పంచండి. సినిమా చూసేటప్పుడు, చంటిపిల్లను నిద్రపుచ్చేటప్పుడు నాలుగు ఆపేసే వీలుండాలి.

ఒకే కన్నం, మూడు రకాల వెలుగు

తొమ్మిదడుగుల సీలింగ్ నుంచి రెండున్నర అడుగుల డైనింగ్ టేబుల్ మీద పడే వెలుగు చక్రం 24 డిగ్రీల లైటుకు మూడడుగుల లోపే ఉంటుంది. 36 డిగ్రీలకు నాలుగడుగుల పైచిలుకు, 60 డిగ్రీలకు ఏడున్నర అడుగులు. బయటికి మూడు లైట్లూ ఒకేలా ఉంటాయి. గోడకు తగిలించిన ఫొటోకు 24 బాగుంటుంది. అదే గది మొత్తానికి పెడితే నేల మీద గుండ్రటి మచ్చలు పడతాయి, వాటి మధ్య చీకటి.

వంటింట్లో డిగ్రీల కంటే చోటే ముఖ్యం. గది నడిమధ్య లైటు పెడితే గట్టు ముందు నిలబడ్డవాళ్ళ వీపు మీద వెలుగు పడుతుంది, కత్తిపీట మీద వాళ్ళ నీడే పడుతుంది. గట్టు అంచుకు నిటారుగా పైన, గోడకు రెండడుగుల్లో వరస వేయించుకుంటే ఉల్లిపాయ తరిగేటప్పుడు వేళ్ళు కనిపిస్తాయి. పడకగదిలో దిండుకు సూటిగా పైన పెట్టించకండి. పడుకుని చూసేది సీలింగ్‌నే కదా.

చీరను వీధిలోకి తెచ్చి చూసే అమ్మమ్మలది సైన్సే

కొట్టులో ముదురు మెరూన్ అనుకుని కొన్న పట్టుచీర ఇంటికొచ్చాక ఇటుకరంగులో కనిపిస్తే అది నేతగాడి మోసం కాకపోవచ్చు, లైటు పని కావచ్చు. లైటు రంగును ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత సీఆర్ఐ. అందులో ఒక లొసుగుంది. ఈ అంకెను ఎనిమిది లేత రంగుల నమూనాల మీద సగటు కట్టి తేలుస్తారు. ఆర్9 అనే గాఢమైన ఎరుపు ఆ ఎనిమిదింటిలో లేదు. నీలం చిప్, పసుపు ఫాస్ఫర్ కలయికలో తక్కువయ్యేదీ ఆ ఎరుపే. అందుకే సీఆర్ఐ 80 అని గట్టిగా రాసుకున్న లైటు కింద కుంకుమ వెలిసినట్టు, ఆవకాయ పాతబడినట్టు కనిపించవచ్చు. మనిషి చర్మం రంగు కూడా పాలిపోతుంది.

ఇల్లంతా 90 పెట్టాల్సిన పనిలేదు. అద్దం, బీరువా, వంటగట్టు, పూజగది, ఈ నాలుగు చోట్ల పెడితే ఆ ఖర్చు దండగ కాదు. వరండాకు 80 ధారాళంగా చాలు.

యాభై వేల గంటల మాట

రోజుకు ఆరు గంటల చొప్పున 50,000 గంటలంటే దాదాపు ఇరవై మూడేళ్ళు. ఏ కంపెనీ అయినా ఇరవై మూడేళ్ళు వెలిగించి చూసి ఆ మాట రాస్తుందా? ఎల్ఈడీ చిప్‌ను కనీసం 6,000 గంటలు, అంటే ఎనిమిది నెలలు పరీక్షించి, వెలుగు తగ్గిన తీరు చూసి మిగతాది లెక్కగడతారు. ఆ లెక్కను పరీక్షించిన కాలానికి ఆరు రెట్లకు మించి సాగదీయకూడదని నియమం. "ఆయుష్షు తీరడం" అంటే ఆరిపోవడం కూడా కాదు, మొదటి వెలుగులో 70 శాతానికి దిగడం.

అసలు ఆ పరీక్ష చిప్‌కే. పోయేది ఎక్కువగా డ్రైవరు, లైటు వెనక వైరుకు వేలాడే చిన్న ప్లాస్టిక్ డబ్బా. అందులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు వేడి 10 డిగ్రీలు పెరిగితే రమారమి సగమవుతుంది. లైటు కింద చెయ్యి పెడితే వేడి తగలదు, ఎందుకంటే అదంతా వెనక అల్యూమినియం ఫిన్‌ల ద్వారా సీలింగ్ పైకి పోతుంది. మే నెలలో పై అంతస్తు స్లాబు కింద ఆ ఇరుకులో ఎంత వేడి ఉంటుందో రామగుండం, రెంటచింతల వాళ్ళకు చెప్పక్కర్లేదు. డ్రైవరును లైటు వీపుకు ఆనించకుండా పక్కకు జరిపి పెట్టించండి. డ్రైవరు విడిగా దొరికే మోడలే కొనండి. అప్పుడు లైటు పారేయకుండా డబ్బా ఒక్కటే మార్చుకోవచ్చు.

ఇంకో శత్రువు వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తెగే న్యూట్రల్. అది తెగిన పూట 230 ఓల్టులు రావాల్సిన చోట 350 పైనే రావచ్చు. కొనేటప్పుడు హై ఓల్టేజ్ రక్షణ ఉందా అని అడగాల్సింది అందుకే.

అంగుళంలో ఎనిమిదో వంతు

పాత హాలోజన్ స్పాట్‌లైట్ పేరు ఎంఆర్16. పదహారు ఎనిమిదో వంతులు, అంటే ముఖం రెండంగుళాలు. టీ8 ట్యూబులైటు మందం సరిగ్గా అంగుళం, టీ5ది అందులో ఎనిమిదింట ఐదు వంతులు. ఇప్పటి డౌన్‌లైట్లకు ఇలాంటి కట్టుబాటు లేదు. ఒకే వాట్లకు ఒక కంపెనీ కన్నం మూడంగుళాలు, ఇంకో కంపెనీది మూడున్నర.

ఈ తేడా దెబ్బ ఆరేళ్ళ తర్వాత తగులుతుంది. ఒక లైటు పోతుంది, ఆ మోడల్ అప్పటికి ఆగిపోయి ఉంటుంది. కొత్తది చిన్నదైతే కన్నంలోంచి జారుతుంది, పెద్దదైతే మళ్ళీ కోయాలి. సైజు కుదిరినా తెలుపు కుదరదు, పక్కదానికీ దీనికీ ఛాయ తేడా కొడుతుంది. పది లైట్లు కొంటే రెండు అదనంగా కొని అటక మీద పెట్టుకోవడం పిసినారితనానికి విరుద్ధంగా కనిపించే పిసినారితనం.

బిగించేటప్పుడు

జిప్సం బోర్డు పైన ఇనప సెక్షన్లు సాధారణంగా ఒకటిన్నర అడుగుకు ఒకటి పోతాయి. గుర్తు పెట్టే ముందు అవెక్కడున్నాయో చూడకపోతే హోల్ సా సరిగ్గా సెక్షన్‌కే తగులుతుంది. అప్పుడు మేస్త్రి దాన్ని కోసేస్తాడు, మీకు చెప్పడు. బోర్డు మూయకముందే సెల్‌ఫోన్‌తో పైనంతా ఒక వీడియో తీసి ఉంచుకోండి.

ఎంసీబీ ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాకే వైరు ముట్టాలి. వైరు జాయింట్లను నల్లటేపు చుట్టి వదిలేయడం మనకు అలవాటు. వేడికి ఆ టేపు జిగురు కరిగి ఊడొస్తుంది. కనెక్టరు పెట్టించి, వైర్లను ఫ్లెక్సిబుల్ పైపులో నడిపించండి. సీలింగ్ మీద ఎలుకలు తిరిగే ఇళ్ళలో ఇది తప్పనిసరి. లైటుకు రెండు పక్కలా ఉండే స్ప్రింగు రెక్కలను పైకి మడిచి, పట్టుకుని, కన్నంలోకి తోయాలి. పట్టు జారితే వేలి గోరు నల్లబడుతుంది.

చిన్నవి మరికొన్ని

స్విచ్ ఆపినా లైటు మిణుకుమిణుకుమంటోందా? దెయ్యం కాదు. స్విచ్ ఫేజుకు బదులు న్యూట్రల్‌ను ఆపుతూ ఉండొచ్చు, లేదా స్విచ్‌లోని ఇండికేటర్ దీపం గుండా చిటికెడు కరెంటు పోతూ ఉండొచ్చు. మొదటిదైతే వెంటనే సరిచేయించాలి, ఆపేశామనుకున్న లైటులో ఫేజు ఉంటుంది.

త్రీ ఇన్ వన్ లైట్లు స్విచ్ వేసి తీస్తే రంగు మారుస్తాయి. కరెంటు అరక్షణం పోయి వస్తే గదిలో మూడు తెల్లగా, ఒకటి పసుపుగా తేలుతుంది.

ఒకే ఎంసీబీ మీద ముప్ఫై డ్రైవర్లు ఉంటే, వెలుగుతున్నప్పుడు తినేది కొంచెమే అయినా వేసిన క్షణంలో అన్నీ ఒక్కసారిగా గుంజి ట్రిప్ కొట్టించగలవు.

తొలకరి ఉసిళ్ళు అతినీలలోహిత కాంతికి, నీలానికి ఎక్కువ వస్తాయి. బాల్కనీలో 3000 పెట్టుకుంటే తక్కువ ఊడ్చుకోవాలి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పాత ఇల్లు కొన్న మనవాళ్ళకు సీలింగ్‌లో ఆరంగుళాల ఇనప డబ్బాలు కనిపిస్తాయి. అక్కడి సీలింగ్ పైన చెక్క దూలాలు, దూది లాంటి ఇన్సులేషన్. డబ్బా మీద ఐసీ (ఇన్సులేషన్ తగిలినా ఫరవాలేదు) అన్న గుర్తు లేకపోతే ఇన్సులేషన్‌ను దానికి మూడంగుళాల దూరంలో ఉంచాలని వాళ్ళ వైరింగ్ కోడ్ చెబుతుంది. హైదరాబాద్‌లో చవకని ఇక్కడి లైట్లు సూట్‌కేసులో పట్టుకెళ్ళేవాళ్ళు డ్రైవరు మీద 100-240 అని ఉందో లేదో చూసుకోవాలి. అక్కడ ఇంటి కరెంటు 120 ఓల్టులే.

ఎల్ఈడీ బల్బులను చవకగా పంచే ప్రభుత్వ ఉజాలా పథకం 2015 జనవరి 5న మొదలైంది. 2014లో ఒక్కో బల్బును ₹310కి కొన్న ప్రభుత్వ సంస్థ 2016కల్లా ₹38కి కొంది. కొట్లలో చవక లైట్లు వరదెత్తింది ఆ తర్వాతే, నాసిరకం కూడా వాటితోనే వచ్చింది. కొనేముందు లైటు వేయించి సెల్‌ఫోన్ కెమెరాలో చూడండి. తెరమీద నల్లచారలు కదులుతుంటే ఆ డ్రైవరు కరెంటును సరిగ్గా చదును చేయడం లేదన్నమాట. తర్వాత పెట్టె తిప్పి బీఐఎస్ గుర్తు, దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయేమో చూడండి. బిల్లు మీద వారంటీ లైటుకా, డ్రైవరుకు కూడానా అన్నది రాయించుకోవడం మరవకండి.