కంప్యూటరుకు చప్పుడు చేయని పంకా

కంప్యూటరు గదిలో పాఠము చెప్పు ఉపాధ్యాయుని గొంతు ఆయనకు తెలియకుండగనే హెచ్చును. పది యంత్రములు ఒక్కమారు పనిచేయునప్పుడు పుట్టు హోరు ఇందుకు కారణము. వెనుక బల్లలమీది విద్యార్థులకు మాటలు సగమే వినవచ్చును. పాఠము జరుగు తరగతిలో ఇతర ధ్వనులు 35 డెసిబెలులకు మించకుండుట మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించినది. మన గదిలో ఈ హద్దు దాటకుండవలెనన్నచో ప్రాసెసరుపైనుండు చిన్న పంకాను తెలిసి ఎన్నుకొనవలెను.

ఉష్ణము సంగతి

ప్రాసెసరులో కోట్లకొలది ట్రాన్సిస్టరులు ఉండును. అది తీసికొను విద్యుచ్ఛక్తి దాదాపు అంతయు ఉష్ణముగా మారిపోవును. సామాన్యమైన డెస్కుటాపు ప్రాసెసరులు పెక్కింటికి 65 వాట్లని గుర్తింపబడియుండును. పూర్వము ఇండ్లలో వాడిన 60 వాట్ల దీపపు బుడ్డిని వ్రేలితో తాకలేకపోయెడివారము. ఇచట అంతటి ఉష్ణము బొటనవ్రేలి గోరంత సిలికాను పలకనుండి వెలువడుచున్నది!

ఈ ఉష్ణమును పైనున్న లోహపు దిమ్మ గ్రహించి, తన పలుచని రెక్కలకు అందించును. రెక్కల నడుమ పంకా గాలిని తోలును. ఎంత గాలి కావలెను? సెకనుకు 10 లీటర్ల గాలి పోవుచున్నదనుకొందము. దాని బరువు సుమారు 12 గ్రాములు. ఒక గ్రాము గాలిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు ఒక జౌలు చాలును. కనుక సెకనుకు 65 జౌళ్లు మోసికొనిపోవు ఈ గాలి 5½ డిగ్రీలు మాత్రమే వేడెక్కును.

అయినను ప్రాసెసరు ఇంతకంటె చాల హెచ్చుగా కాగును. ఏలయన, సిలికానునుండి లోహమునకు, లోహమునుండి గాలికి ఉష్ణము పోవు దారిలో అడ్డంకి కలదు. దీనినే ఉష్ణ నిరోధము అందురు. ఒక దిమ్మ, పంకా కలిసి వాటుకు 0.4 డిగ్రీల నిరోధము కలవైనచో, 65 వాట్లకు 26 డిగ్రీల హెచ్చు ఏర్పడును. మే నెలలో గది 40 డిగ్రీలున్నచో ప్రాసెసరు 66 డిగ్రీలకు చేరును. నేటి ప్రాసెసరులు పెక్కు 100 డిగ్రీల ప్రాంతమున తమంతట తామే వేగమును తగ్గించుకొనును. ఈ రెంటికి నడుమ ఎడము ఉన్నంతవరకు పంకాను నెమ్మదిగా త్రిప్పవచ్చును. చల్లని దేశములలో ఈ ఎడము ఇంకను ఎక్కువ. కావున అచటి పరీక్షల అంకెలను మన వేసవికి అట్లే అన్వయింపరాదు.

చప్పుడు ఎట్లు పుట్టును?

మొదటిది, రెక్కలు గాలిని చీల్చునప్పుడు ఏర్పడు సుడుల హోరు. రెండవది, ఒక రకపు స్వరము. తొమ్మిది రెక్కల పంకా నిమిషమునకు 1500 మార్లు, అనగా సెకనుకు 25 మార్లు తిరిగినచో, ఒక్కొక్క బిందువును సెకనుకు 225 రెక్కలు దాటిపోవును. అదే ఆ స్వరముయొక్క పౌనఃపున్యము. రెక్కలకు చేరువగా జల్లెడయో, తీగయో ఉన్నచో ఇది బలపడును. మూడవది, మోటారు, బేరింగుల చప్పుడు.

పంకా వేగము సగమైనచో గాలియు సగమగును. కాని ధ్వని శక్తి సుమారుగా వేగముయొక్క అయిదవ ఘాతము ననుసరించును. అనగా అది 32వ వంతునకు పడిపోవును. డెసిబెలులలో ఇది 15 తగ్గుదల. ఇంటిలోని బల్లపంకాను మూడవ మెట్టునుండి ఒకటవ మెట్టునకు దించి చూడుడు. గాలి కొంత తగ్గును. చప్పుడు మాత్రము దాదాపు మాయమగును.

పెద్ద పంకా ఏల మేలు?

ఒకే ఆకృతిగల పంకాలలో గాలి పరిమాణము వ్యాసముయొక్క ఘనమును బట్టి పెరుగును. 80 మిల్లీమీటర్ల పంకా 2700 మార్లు తిరిగి తోలు గాలిని, 120 మిల్లీమీటర్ల పంకా 800 మార్లు తిరిగియే తోలగలదు. లెక్క ప్రకారము చప్పుడు సుమారు 14 డెసిబెలులు తగ్గును. అయితే ఇందొక చిక్కు కలదు. పెద్ద పంకా కలిగించు పీడనము అయిదవ వంతు మాత్రమే. రెక్కలు మరీ ఒత్తుగానున్న దిమ్మలోనికి ఆ గాలి చొరలేదు. కనుక పెద్ద పంకాకు, ఎడమెడముగా రెక్కలున్న పెద్ద దిమ్మయే తగిన జోడు.

కొనునప్పుడు చూడవలసినవి

1. దిమ్మయొక్క ఎత్తు పెట్టెలో పట్టునా? ముందుగా కొలుచుకొనవలెను.

2. తీగ కొసన నాలుగు రంధ్రములున్న పంకా మేలు. ఉష్ణోగ్రతను బట్టి మదరుబోర్డు దాని వేగమును మార్చగలదు. పని లేనప్పుడు అది నెమ్మదిగా తిరుగును.

3. సాదా గొట్టపు బేరింగు చౌక; క్రొత్తలో చప్పుడు తక్కువ. కాని వేడికి నూనె ఎండినచో గరగరలాడును. గుండ్ల బేరింగు వేడికి ఓర్చును, కొంత చప్పుడు చేయును. ద్రవపు పొరపై తిరుగు బేరింగు నిశ్శబ్దమైనది, మన్నికైనది. వెల మాత్రము హెచ్చు.

4. డబ్బాపై ముద్రించిన డెసిబెలుల అంకెలను, ఒకే దూరమున, ఒకే విధముగా కొలిచినప్పుడే పోల్చవలెను.

5. ఎంత మంచి పంకాయైనను దుమ్ము పట్టినచో వేగము పెంచుకొని మోగును. విద్యుత్తు ఆపి, రెక్కలు తిరుగకుండ పట్టుకొని, దుమ్ము ఊదివేయవలెను.

ఇప్పుడు మన తరగతి గదికి వత్తము. వినువానినుండి సమాన దూరమున ఒకే విధమైన పది పంకాలున్నచో మొత్తము ధ్వని ఒక పంకా ధ్వనికంటె 10 డెసిబెలులు హెచ్చును. 35 హద్దు దాటకుండవలెనన్నచో, వినువాని చెవికడ ఒక్కొక్క పంకా ధ్వని 25కు మించరాదు. ఒంటిగా విన్నప్పుడు "ఫరవాలేదు" అనిపించు 35 డెసిబెలుల పంకాలు పది చేరినచో 45 అగును. కాబట్టి పాఠశాలకు కొనువారు దుకాణమున ఒక పంకాను విని తృప్తిపడక, పదింటిని గూర్చి లెక్క వేసికొనవలెను. ఆ లెక్క సరిపోయిననాడు వెనుక బల్లమీది విద్యార్థికి కూడ పాఠము చక్కగా వినిపించును.